సబ్బునీళ్ల బకెట్

"ఛీ ఛీ! కొమ్ములు చాచి ఎలా కంపు కొడుతోందో చూడు!"

ఆమె ముక్కు మూసుకుని, నిమ్మమొక్క మీది పచ్చటి పురుగును పుల్లతో గెంటి సబ్బునీళ్ల బకెట్లో పడేసింది. కూతురు చెట్టూ చేమల మధ్య పెరగాలని ముచ్చటపడి మేడంతా కుండీలతో నింపింది. తీరా చూస్తే ఆకులన్నీ పురుగుల పాలు.

"అమ్మా, సీతాకోకచిలుకలు ఇవాళైనా వస్తాయా?" పాప ఆమె కొంగు పట్టుకుని అడిగింది.

"ముందు ఈ దరిద్రాన్ని వదిలించనీ. అవే వస్తాయి."

పక్కనే బట్టలు ఆరేస్తున్న అత్తగారు వచ్చి బకెట్లోకి తొంగిచూసింది.

"ఎప్పుడో వచ్చాయి కదమ్మా! గుడ్లు పెట్టి పోయాయి. ఇవి వాటి పిల్లలే. ఇంకొన్నాళ్లు ఆగితే రెక్కలొచ్చేవి."

ఆమె చేతిలో పుల్ల ఆగిపోయింది.

"ఇంత అసహ్యంగా ఉన్నవా?"

"నీ కూతురు పుట్టినప్పుడు మాత్రం అద్దంలా మెరిసిపోతూ ఉందా?"

పాప బకెట్ పక్కన చతికిలబడింది. నురగలో తేలుతున్నవాటిని ఒక్కొక్కటిగా చూసింది. ఒక్కటీ కదలలేదు.

"రా తల్లీ, కిందికి పోదాం." ఆమె పుల్ల పడేసి చేయి చాచింది.

పాప ఆ చేతిని చూసి వెనక్కి జరిగింది. అచ్చం అమ్మలాగే ముక్కు మూసుకుంది.

"ఛీ!"