మోగని బెల్లు

“నాన్నగారూ, లేవండి! రొయ్య పైకి తేలిపోతోంది!”

భోజనం క్యారేజీ తెచ్చిన మంజుష కేకకి గోపాలకృష్ణంరాజు పాకలోంచి పరుగెత్తుకొచ్చాడు. మబ్బు పట్టిన మధ్యాహ్నం. మూడెకరాల చెరువుకి గాలి అందించే ఏరియేటర్ల చక్రాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. రొయ్యలు గట్టు వారకి చేరి మూతులు పైకెత్తుతున్నాయి.

“కరెంటు పోయి ఎంతసేపయిందో! చక్రం ఆగితే నీ బెల్లు మోగాలి కదమ్మా? మూడు నెలలకి ఇవాళేగా, దాన్ని నమ్మి పగలు ఓ కునుకు తీశాను!”

“పదిసార్లు చూశానండి. చక్రం స్విచ్ ఆపగానే మోగేదండి.”

“దానికి కరెంటెక్కణ్ణుంచి ఇచ్చావు?”

కాలేజీ సెలవులన్నీ కూర్చుని, సెన్సారూ చిన్న బోర్డూ కలిపి తను చేసిన బెల్లు పెట్టె వంక చూసింది మంజుష. దాని తీగ చక్రాల స్విచ్‌కి పైన, ఏరియేటర్ల లైనులోకే వెళ్తోంది.

“ఆ లైన్లోంచేనండి,” అంది.

ఆయన పాక వెనక్కి పరుగెత్తాడు. జనరేటరు హ్యాండిలు చేతులు పడిపోయేదాకా తిప్పాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పంచె ఎగ్గట్టి నడుంలోతు నీళ్ళలోకి దిగి, గాలి కలిసేలా అరచేతులతో నీళ్ళు చరచడం మొదలుపెట్టాడు. మంజుష కూడా దిగింది. కళ్ళముందే రొయ్యలు తెల్లబడి తిరగబడుతున్నాయి.

“ఇది చాలదు నాన్నగారూ.”

“తెలుసమ్మా. కొట్టు.”