ఎదురుప్రశ్న

కోడు రాసే పనంతా చెవిలో పెట్టుకునే యంత్రాలకు వదిలేసిన కాలమది. ఆసుపత్రిలో రోగులను టోకెన్ల ప్రకారం పిలిచే ప్రోగ్రాము రాయమని ఇంటర్వ్యూ చేస్తున్న హైమవతి అడగగానే, మొదట వచ్చిన పదకొండు మందీ రెప్పపాటులో అప్పజెప్పి వెళ్లారు.

పన్నెండో మనిషి, ఆదోని నుంచి వచ్చిన షాహీన్, ఇంకా ప్రోగ్రాము మొదలే పెట్టలేదు. ఆలస్యమైందంటూ మార్కులు వేసే పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. హైమవతి దానిమీద చేతిరుమాలు కప్పి, మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"తొందరేం లేదమ్మా. ఏం ఆలోచిస్తున్నావో పైకి చెప్పు."

"మేడమ్, నొప్పితో అల్లాడేటోళ్లు ఆఖర్న వస్తే? వాళ్లను ముందు పిలవాల్నా, వద్దా? మీరు చెప్పల్యా. నా చెవిలోది గూడా అడగల్యా."

హైమవతి ప్రశ్నలో కావాలనే వదిలిన ఖాళీ అదే. ఆరేళ్లుగా అది ఎవరి కంటా పడలేదు.

"నర్సమ్మలకు తెలుస్తుంది. సోమవారం ఆసుపత్రికి వెళ్లి అడుగు," అంది హైమవతి. "వెళ్లేటప్పుడు మన కంపెనీ కార్డు మెళ్లో వేసుకుని వెళ్లు."