ఖర్చులోంచి రాబడి

తాళ్ళ వ్యాపారి చేతిలో ఆ రోజుకు ఉన్నవి ఒక కొట్టు, ఒక కూతురు, ఆ కూతురు తప్పిన ఒకే ఒక్క కెమిస్ట్రీ పేపరు.

తెల్లారితే మళ్ళీ పరీక్ష. ఈసారీ పోతే చదువు మానేసి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. షరతు పెట్టింది తండ్రే. పెట్టినప్పటి నుంచి ఆయనకే అన్నం సయించడం లేదు.

వానకు తడుస్తూ ఒకావిడ పెట్టె ఈడ్చుకుంటూ కొట్లోకి వచ్చింది. మూత ఊడిపోయిందట, కట్టుకోవడానికి బారెడు తాడు కావాలంది.

బారెడు కోసం కొత్త చుట్ట తెంపితే గిట్టదన్నాడు వ్యాపారి. ఆవిడ బతిమాలలేదు. వాన తగ్గేదాకా నిలబడతానంది. కుర్చీ చూపించాలని ఆయనకు తోచలేదు.

మూలన కూతురు పైకే చదువుతూ లెక్క చేస్తోంది. హైడ్రోజన్, క్లోరిన్ బంధాలు తెంచడానికి పెట్టే శక్తి 679. కొత్త బంధాలు కడితే వచ్చేది 862. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మైనస్ 183.

"మైనస్. అంటే నష్టం. వేడి లోపలికి పోయింది," అని రాసుకుంది.

ఆవిడ పెట్టె అక్కడే వదిలేసి పిల్ల దగ్గరకు నడిచింది.

"నష్టమని ఎవరు చెప్పారమ్మా?"

"మైనస్ వస్తే నష్టమేగా ఆంటీ. మా కొట్లో అంతే."

తండ్రి మీసం సవరించుకున్నాడు.

"మీ కొట్లో దేంట్లోంచి దేన్ని తీసేస్తారు?"

"రాబడిలోంచి ఖర్చు."

"తెంచడం ఖర్చు, కట్టడం రాబడి. మరి ఇక్కడ దేంట్లోంచి దేన్ని తీశావు?"

పిల్ల లెక్కను మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది.

"ఖర్చులోంచి రాబడి." అంతలోనే నవ్వేసింది. "అయితే ఇక్కడ మైనస్ వస్తేనే లాభం. వేడి బయటికొచ్చేస్తుంది. నాన్నా, పుస్తకం వాళ్ళు తిరగేసి రాశారు."

"వాళ్ళకి వ్యాపారం తెలీదులేవే," అన్నాడు తండ్రి. గుండెల మీంచి బస్తా దించినట్టయింది.

కత్తి తీసుకుని చుట్ట తెంపబోయేసరికి వాన వెలిసింది. కింద పడున్న పురికొస ముక్కేదో పెట్టెకు చుట్టుకుని ఆవిడ అప్పటికే వీధి మలుపు తిరిగింది.

పిల్ల పాసయింది.

మార్కుల కాగితం కోసం తండ్రీకూతుళ్ళు కాలేజీకి వెళ్తే కెమిస్ట్రీ మాస్టారు కుర్చీ చూపించి మరీ అడిగారు. "పోయినసారి ప్రతి లెక్క కిందా నష్టమని రాసింది నువ్వేనా?"

పిల్ల తలొంచుకుంది.

ఆ పేపరు దిద్దినావిడ రిటైరై ఊరు విడిచి వెళ్ళిందట. లెక్కంతా సరిగ్గా చేసి చివర్లో బోర్లాపడే ఆ పిల్ల ఎవరా అని ఇన్నాళ్ళూ మథనపడిందట. తాళ్ళ కొట్లో దొరికిందని రైలెక్కుతూ ఫోన్ చేసిందట.

వ్యాపారికి తాను ఇవ్వని బారెడు తాడు గుర్తొచ్చింది.

తెంచిందీ ఆవిడే, కట్టిందీ ఆవిడే. మిగిలిన లాభమంతా ఆయన ఇంటికే చేరింది.