ఆఖరి తీగలు

"చెయ్యి వణికిందా పెద్దాయనా?" మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే అడిగింది రొవీనా.

"కాస్త," అన్నాడు ఒరెస్ట్.

కెనడాలో సస్కటూన్ ఊళ్లోని ఆ ప్రయోగశాలలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఒకటే. గోరంత చిప్పుకి వెంట్రుకకన్నా సన్నటి బంగారు తీగలు అతకడం. ఈ రోజుతో ఆ పని ఆఖరు. ఆమె చూస్తున్నది ఆయన అతికిన ఆఖరి చిప్పు.

"మూడు నెలల్లో నీవి తొమ్మిది చిప్పులు పోయాయి. నా చేతివల్లేనా?"

"నావల్ల. ఊలు స్వెటరుతో ముట్టుకున్నా. రాపిడికి పుట్టిన కరెంటు దూకి కాలిపోయాయి."

"మణికట్టుకి ఎర్తు తీగ కట్టుకోందే నువ్వు కుర్చీలో కూడా కూచోవు పిల్లా. సరే, ఇది పలికితే నీ మాట నమ్మి ఇంటికి పోతా. పలక్కపోతే నిజమేమిటో నాకే తెలుస్తుంది."

రొవీనా ఇంకా చాలాసేపు చూసింది.

"తీగలు బాగున్నాయి. చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ చాలదు. కిందకెళ్లి పట్టుకురా."

ఆయన డబ్బా నింపుకుని వచ్చాడు. ఆమె పొడుగాటి కడ్డీ కొసకి ఇత్తడి మూత బిగిస్తోంది. చిప్పు లోపల ఉంది.

"ఇంకా బిగిస్తూనే ఉన్నావా? రెండంతస్తులు దిగి ఎక్కి వచ్చాను."

"తీగ తెగితే చంపేస్తావుగా. అందుకే జాగ్రత్త."

కడ్డీని డబ్బాలోకి దించింది. తెల్లటి పొగ నేల మీదికి జారింది.

"ఇన్నేళ్లూ అతకడమే గాని, లోపల ఏం జరుగుతుందో ఎవర్నీ అడగలేదు," అన్నాడు ఒరెస్ట్.

"ఇప్పుడడిగావుగా, విను. పైన పలచటి బొగ్గు రేకు. కింద లోహపు పలక. మధ్యలో గాజులాంటి పొర. రెండూ తగలవు. కింద వోల్టేజి పెంచితే ఆ లాగుడుకి రేకులో ఎలక్ట్రాన్లు గుమిగూడతాయి. కరెంటు బాగా పారుతుంది."

"ముట్టుకోకుండానే?"

"ముట్టుకోకుండానే."

"మా ఆవిడ ఓల్గా ఉల్లిపాయలు వేయిస్తే నేను షెడ్డులోంచి వచ్చినట్టు."

"నువ్వొక్కడివే వస్తావు. ఇవి కోట్లలో వస్తాయి."

"అందులో పంది బేకన్ ముక్కలు కూడా పడనీ, మా వీధంతా వస్తుంది."

రొవీనా నవ్వింది. వోల్టేజి నాబ్ ఉన్న పెట్టెని ఆయన వైపు తిప్పి పెట్టింది.

"నువ్వే పెంచు. మెల్లగా. ఎక్కువైతే పొర పగులుతుంది."

ఒక వోల్టు. రెండు. తెర మీద కరెంటు గీత నేలబారుగానే సాగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"చచ్చింది కదూ?"

"తిప్పు పెద్దాయనా."

అయిదు దగ్గర గీత తల ఎత్తింది. ఆరు, ఏడు. ఎక్కుతూ పోయింది. ఆయన వెనక్కి తిప్పాడు, దిగింది. ముందుకి తిప్పాడు, ఎక్కింది. మళ్లీ తిప్పాడు.

"మాట వింటున్నాయే!"

"తీగ సరిగా అతక్కపోతే వింటాయా?"

ఒరెస్ట్ తన కుడిచేతిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత కోటు తొడుక్కున్నాడు.

"అయితే ఆ తొమ్మిదింటినీ నువ్వే చంపావన్నమాట."

"నేనే."

"సిగ్గు లేదూ?"

"లేదు."

ఆమె నెత్తి మీద ఒకసారి చెయ్యి పెట్టి ఆయన వెళ్లిపోయాడు. మంచులో నిటారుగా నడిచి పోతుంటే రొవీనా కిటికీలోంచి చూసింది. బస్సు కదిలాక కడ్డీ పైకి తీసి మూత విప్పింది.

అందులో ఉన్నది ఆయన ఆరేళ్ల కిందట అతికిన చిప్పు.