చప్పట్లు పడ్డ శోకం

సూర్యాపేట కళాభవనం తోటలో, పల్లె పాటల మీద ఉపన్యాసం ఇస్తూ శైలజ ఒక పాట ఎత్తుకుంది. ముందు వరుసలో కూర్చున్న మేనత్త రుక్కమ్మ దాన్ని వెంటనే గుర్తుపట్టింది. చనిపోయిన కూతురి మీద పడి తాను ఏడ్చిన శోకమది.

పాట ముగియగానే జనమంతా చప్పట్లు కొట్టారు.

వేదిక దిగొచ్చిన శైలజ ఆమె చేతులు పట్టుకుంది. "సూసినవా అత్తా, నీ పాటకు ఎన్ని చప్పట్లో!"

"గది పాటనా శైలజా? నా బిడ్డను పిలుసుకున్న గదనే."

"గందుకే అందరి మనసుకు తాకింది."

"ఒక్క మాట పొల్లుపోలే. ఎట్ల యాదికున్నదే నీకు?"

శైలజ గొంతు తగ్గించింది. "అప్పుడు ఫోన్ల రికార్డు చేసిన అత్తా."

రుక్కమ్మ మెల్లగా చేతులు విడిపించుకుంది. ఆనాడు తనతో సమానంగా ఏడ్చింది ఈ పిల్లొక్కతే అని ఇన్నాళ్లూ తానే ఊరంతా చెప్పుకుంది.

"ఒక చేత్తోని నా వీపు నిమిరితివి. ఇంకో చేతిల ఫోన్ పట్టుకుంటివా శైలజా?"