దిండు కింద బాదం

"పెళ్ళి ఇక్కడ చేసుకుంటే మా అమ్మ రావడానికి వీల్లేదు. అక్కడ చేసుకుంటే మీ అమ్మమ్మ రాదు. ఇక సముద్రం మధ్యలో చేసుకోవాల్సిందే," అన్నాడు నరేక్, కాఫీ కప్పు పక్కకు నెట్టి.

"అప్పుడు ఇద్దరూ రారు," అంది మిర్సీని.

ద్రాక్షపందిరి కింద బఠాణీలు ఒలుస్తున్న స్తమాతియా తల ఎత్తలేదు. ఆమే ఆ అమ్మమ్మ. మిర్సీనిని పొత్తిళ్ళనాటి నుంచి పెంచింది ఆమే.

నరేక్ తల్లి ఆర్మేనియాలో ఉంది. గ్రీసు రావడానికి రెండుసార్లు వీసా అడిగితే రెండుసార్లూ లేదు పొమ్మన్నారు. ఒంటరి మనిషి, కొడుకు దగ్గరికొస్తే మళ్ళీ వెనక్కి పోదని ఆఫీసువాళ్ళ అనుమానం. వీళ్ళు అక్కడికి వెళ్ళడానికి మాత్రం ఏ వీసా అక్కర్లేదు. పెళ్ళి అక్కడైతే, తిరిగి గ్రీసులో ఉండటానికి కొత్త కాగితాలు వచ్చేదాకా నరేక్ నెలల తరబడి అక్కడే ఉండిపోవాలి, అదైనా ఓర్చుకుంటామంటున్నారు పిల్లలు. చిక్కల్లా స్తమాతియాతోనే. ఆమె ఈ ద్వీపం దాటి ఎరగదు. రేవులో కట్టేసిన పడవను చూసినా కళ్ళు తిరుగుతాయంటుంది.

ఈ ఊరి చర్చిలో మనవరాలి తలమీద పెళ్ళికిరీటం పెడుతుంటే కళ్ళారా చూడాలని ఆమె కోరిక. ఆ మాట నోరు తెరిచి అడిగే రకం కాదు. ఉపాయం పన్నే రకం.

"దీనికింత తర్జనభర్జన దేనికర్రా? నిన్న పక్కింటి పెళ్ళిలో పంచిన చక్కెర బాదాలున్నాయిగా. దిండు కింద పెట్టుకుని పడుకోండి."

నరేక్ తెల్లమొహం వేశాడు. మిర్సీని నవ్వుతూ విడమరిచి చెప్పింది. పెళ్ళిలో ఇచ్చిన చక్కెర పూత బాదం పలుకులు దిండు కింద ఉంటే పెళ్ళికాని పిల్లకు కాబోయే మొగుడు కలలో కనిపిస్తాడట. ఊళ్ళో ఆడపిల్లలందరూ చేసే పనే.

"మొగుడెవరో తేలిపోయింది కదే అమ్మమ్మా."

"మొగుణ్ణి కాదే, చోటు అడుగు."

తను పరాయి దేశం వాణ్ణనీ, తనకూ ఆ కల వస్తుందా అనీ నరేక్ సందేహం వెలిబుచ్చాడు.

"కలకి వీసా ఎందుకురా," అంది స్తమాతియా.

ఆ సాయంత్రం ఆమె కావాలనే ఇద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్ళి చర్చి మెట్లమీద కూర్చోబెట్టింది. సముద్రం పలచని తేనె రంగులో కదలకుండా ఉంది. నిమ్మపూల వాసన, లోపల్నుంచి మైనపు వాసన కలిసి వస్తున్నాయి. గంట మోగితే పిచ్చుకలన్నీ ఒక్కసారి లేచి, గాల్లో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అదే గోడమీద వాలాయి. ఇంత అందం కళ్ళనిండా నింపుకుని పడుకున్నవాళ్ళకి ఇంకో ఊరు కలలోకి ఎలా వస్తుంది అనుకుంది స్తమాతియా.

తెల్లవారేసరికి సముద్రంమీద పొగమంచు. ఇల్లు నీళ్ళమీద తేలుతున్నట్టుంది. మిర్సీని జుట్టు విరబోసుకుని వచ్చి, తనకేదో మేఘాల్లో నడుస్తున్నట్టు కల వచ్చిందనీ, చోటు ఏదో తెలియలేదనీ చెప్పింది. నరేక్ మేడగదిలోంచి నెమ్మదిగా దిగి వచ్చాడు.

"నాకు తెలిసింది. ఈ చర్చే. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అమ్మమ్మగారు ముందు వరుసలో నిలబడి ఏడుస్తున్నారు."

"నేనెందుకు ఏడుస్తానురా?"

"సంతోషానికి."

"మరి మీ అమ్మ?" అని అడిగింది మిర్సీని.

"ఉంది. వెనక ఎక్కడో. మొహం సరిగ్గా కనిపించలేదు."

అంతటితో తేలిపోయింది. పెళ్ళి ఇక్కడే. సాయంత్రం వెళ్ళి ఫాదరుగారితో మాట్లాడదామనుకున్నారు. స్తమాతియా తన కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసుకుంది.

ఎండ వచ్చాక ఆమె బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది. నిమ్మచెట్టు కింద నరేక్ ఫోనులో తల్లితో మాట్లాడుతున్నాడు. ఆ భాష ఆమెకు ముక్క తెలియదు. అతను ఫోను తిప్పి ఇంటిని, సముద్రాన్ని, దూరంగా ఉన్న గంటగోపురాన్ని చూపిస్తున్నాడు. తెరమీద ఒకావిడ కొత్త నీలం గౌను ఒంటికి ఆనించుకుని, ఇటు తిరిగి అటు తిరిగి చూపించింది. పెళ్ళికి కుట్టించుకున్నది కాబోలు. కొడుకేదో చెప్పాడు. ఆవిడ గౌనును మెల్లగా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు.

ఫోను పెట్టేసి నరేక్ కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడు. తడి దుప్పటి చాటున స్తమాతియా అతను లోపలికి వెళ్ళేదాకా అలాగే నిలబడింది.

సాయంత్రం మిర్సీని తయారై వచ్చేసరికి అమ్మమ్మ నల్ల కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చుని ఉంది. ఫాదరుగారు ఎదురుచూస్తుంటారు, లెమ్మంది మిర్సీని.

"చూడనీ. రాత్రి నాకూ కల వచ్చింది. పొద్దున చెప్పడం మరిచాను."

"నువ్వూ బాదం పెట్టుకున్నావేమిటే?"

"ముసలిదానికి బాదాలు లేకపోయినా వస్తాయి. ఎక్కడో కొండలు. చలి. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఏమంటోందో అర్థం కాలేదు కానీ, మొహం మాత్రం బాగా కనిపించింది."

నరేక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. స్తమాతియా చేతికర్ర అందుకుని లేచింది.

"చర్చికి కాదురా, ముందు నన్ను పోలీస్ స్టేషనుకి తీసుకుపో. పాస్‌పోర్టు ఇచ్చేది అక్కడేగా."