పరుగెత్తుకొచ్చే మనిషి నెంబరు

ఆసుపత్రి మెట్ల మీద జారి మోకాలు పగలగొట్టుకున్నాను. నర్సు కట్టు కట్టి, "మామ్మగారూ, మీవాళ్ళెవరైనా వచ్చి తీసుకెళ్ళాలి" అంటూ నా ఫోనులో అత్యవసర నెంబరు వెతికింది.

ఉంది, లేకేం? "మొదటి రింగుకే ఎత్తి, పరుగెత్తుకొచ్చేవాళ్ళది పెట్టుకోమ్మా" అని మా అబ్బాయే పోరు పెట్టాడు. అసలే బెంగ మనిషిని, నెంబరు పెట్టుకునే ముందు అందరికీ ఓసారి చేసి చూశాను. అబ్బాయి మీటింగులో ఉన్నాడు. వాడు మీటింగులో లేని రోజు నేనింకా చూడలేదు. కోడలి ఫోను, పాపం, ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంటుంది. కూతురు ఎత్తింది కానీ, తన కష్టాలన్నీ చెప్పుకుని, నేనెందుకు చేశానో అడక్కుండానే పెట్టేసింది.

అందుకే బాగా ఆలోచించి, మా ఇంట్లో ఎవరు తుమ్మినా పరుగెత్తే మనిషి నెంబరు పెట్టించాను.

నర్సు నా ఫోనులోంచే రెండుసార్లు చేసింది. "బిజీ వస్తోందండీ."

"ఆ మనిషికి క్షణం తీరికుండదమ్మా."

నర్సు ఆ నెంబరును ఆసుపత్రి చీటీ మీద రాయించిన నా నెంబరుతో పోల్చి చూసింది. "అయ్యో మామ్మగారూ, ఇది మీ నెంబరే కదా!"

"మరింకెవరిది పెట్టమంటావ్?"

మెల్లగా లేచి చెప్పులు వెతుక్కున్నాను. రెండుసార్లు పిలిచాక వెళ్ళకపోతే ఏం బాగుంటుంది?